టూంబ్ రైడర్ సిరీస్‌లో కథ, ఆట: బ్యాలెన్స్ ఎక్కడ తప్పింది?

మిద్దెమీద_గేమర్:
అందరికీ హాయ్. పాత సమాధుల్లో వస్తువులు వెతికే లారా క్రాఫ్ట్ ఆటలు టూంబ్ రైడర్, వాటిలో మొదటి మూడిటికీ కొత్త గ్రాఫిక్స్ వేసిన రీమాస్టర్ 1-3 (2024 ఫిబ్రవరి 14న వచ్చిందే, ఆస్పైర్ వాళ్లది) మొత్తం పూర్తి చేశాను, ఆ ఊపులోనే లారా కథని మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టిన 2013 రీబూట్, దాని తర్వాతి భాగాలు రైజ్, షాడో మూడూ వరసపెట్టి ఆడేశాను. ఇలా వెంటవెంటనే ఆడితేనే తేడా ఎంతుందో తెలుస్తుంది. పేరు ఒకటే, లారా ఒకటే, కానీ ప్యాడ్ చేతిలో ఉన్నంతసేపు మన బుర్రకి ఉండే పని పూర్తిగా వేరు.

1996లో వచ్చిన మొదటి ఆటలో కథ ఏంటంటే రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. నాట్లా అనే ఆవిడ లారాకి పెరూలో ఒక పని అప్పజెబుతుంది, సియన్ అనే పురాతన వస్తువు ముక్కలు వెతకాలి, తీరా చూస్తే ఆవిడ అట్లాంటిస్ పాలకుల్లో ఒకతె. అంతే. కట్‌సీన్లు (ఆట ఆపి చూపించే సినిమా ముక్కలు) బహు తక్కువ. కానీ సెయింట్ ఫ్రాన్సిస్ ఫాలీ లెవెల్ గుర్తుందా ఎవరికైనా, పాతాళం దాకా దిగే బావి లాంటి హాలు, దాని గోడలకి నాలుగు తలుపులు, థోర్, అట్లాస్, నెప్ట్యూన్, డామొక్లిస్ అని. డామొక్లిస్ గదిలోకి వెళ్తే నెత్తిమీద కత్తులు వేలాడుతుంటాయి, ఏమీ జరగదు, నడుచుకుంటూ వెళ్లి తాళంచెవి తీసుకుంటాం, తిరిగొచ్చేటప్పుడు పడటం మొదలవుతాయి. ఆ గ్రీకు కథ మనకి ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే దాని భయం మొత్తం ఆ పది అడుగుల్లో అనుభవించేశాం.

ఇప్పుడు 2013 ఆట మొదటి గంట చూడండి. స్టిక్ ముందుకి నొక్కి పట్టుకుంటే చాలు, లారా పడుతుంది, లేస్తుంది, ఒంట్లో ఏదో గుచ్చుకుంటుంది, కేకలు పెడుతుంది, మధ్యమధ్యలో ఒక బటన్ టకటకా కొట్టమంటుంది. చూడ్డానికి అద్భుతంగా ఉంది, కాదనను, కానీ ఆ గంటలో నేను తీసుకున్న నిర్ణయం ఒక్కటీ లేదు. మీరంతా ఏమంటారు? ఈ సిరీస్‌లో బ్యాలెన్స్ ఎక్కడ తప్పింది, ఏ ఆటలో సరిగ్గా కుదిరింది?

సాహితి_ప్లేస్:
మీ పోస్ట్ బాగుంది కానీ 2013కి అన్యాయం చేశారండి. నేను ఈ సిరీస్‌లోకి వచ్చిందే ఆ ఆటతో. యమటాయ్ దీవి, ఆ తుఫాను, ఓడ ముక్కలైపోవడం, లారాకి గురువులాంటి రోత్ చనిపోయే సీన్, ఇవన్నీ లేకపోతే నాకు లారా అంటే రెండు పిస్టళ్లు పట్టుకున్న బొమ్మ, అంతకుమించి ఏమీ కాదు. లారాకి గొంతిచ్చిన కామిల్లా లడింగ్టన్ గొంతులో ఆ వణుకు వింటే ఈ అమ్మాయి ఎలాగైనా బతకాలి అనిపిస్తుంది, అలా అనిపించినప్పుడు బటన్ నొక్కే చెయ్యి కూడా వేరేగా పనిచేస్తుంది.

ఇంకోటి. రేడియో టవర్ ఎక్కే ఘట్టం మర్చిపోయారా? శత్రువులు లేరు, పజిల్ లేదు, పైకి ఎక్కడమే. గాలి కొట్టేస్తుంటుంది, మెట్లు ఊడిపోతుంటాయి, కెమెరా మెల్లగా వెనక్కి జరిగి కిందున్న దీవి అంతా చూపిస్తుంది, పైకెళ్లి సహాయం కోసం సిగ్నల్ పంపాలి. అక్కడ కథకి కావాల్సిందీ నా వేళ్లు చేస్తున్నదీ ఒకటే పని. మీరు అడిగిన బ్యాలెన్స్ అదే కదా, అది 2013 ఆటలోనే ఉంది.

నల్లమల_రైడర్:
సాహితక్క చెప్పిన రేడియో టవర్ ముచ్చట నూటికి నూరుపాళ్లు కరెక్ట్, కానీ ఆ తర్వాత ఏమైతదో గూడ చెప్పాలె గదా. అదే ఆటల ముందుగాల జింకను కొట్టాల్సి వస్తది, లారా ఆ జింక పక్కన కూసొని సారీ చెప్తది. ఇంకొంచెం ముందుకు పోతే మొదటిసారి మనిషిని చంపుతది, పెనుగులాటల, ఆమెకు వాంతి వచ్చినంత పనైతది, చేతులు వణుకుతయ్. నేను కూడ ఊపిరి బిగబట్టి చూసిన. తర్వాత ఎంతసేపటికి? ఇగ విల్లు పట్టుకొని ఒకరి తర్వాత ఒకరిని తలకాయలకి గురిచూసి కొట్టుడే, కొట్టినందుకు పాయింట్లు స్క్రీన్ మీద ఎగురుతయ్, ఆ పాయింట్లతోని క్యాంపు దగ్గర కొత్త స్కిల్ కొనుక్కోవాలె, ఆ స్కిల్ ఏందంటే కిందపడ్డోన్ని బాణంతోని పొడిచి చంపుడు. కథల ఆమె ఏడుస్తున్నది, మెనూల ఆమెకు ఖూనీ నేర్పిస్తున్నం. ఈ రెండూ ఒక మనిషి అంటే నాకు నమ్మబుద్ధి కాలే.

మొట్టమొదటి ఆటల గీ సమస్య లేదు ఎందుకంటే అక్కడ లారా చంపేది చానా మటుకు తోడేళ్లు, ఎలుగుబంట్లు, సింహాలు, మనుషులు తక్కువ. ఆ 1996 ఆటల మనుషులని వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. దాంట్ల లాస్ట్ వ్యాలీ లెవెల్ల టీ-రెక్స్ వచ్చినప్పుడు ఏ కట్‌సీన్ లేదు, నేల అదురుతది, చీకట్లకెళ్లి తల బయటికొస్తది, అయిపాయె, ఉరుకుడే.

బెజవాడ_బటన్స్:
ఒక్క డౌట్ అన్నా, నల్లమల అన్న చెప్పిన దానికి పేరేదో ఉందిగా, లూడో ఏదో డిసొనెన్స్ అంటారు. ఇలాంటి నిధివేట ఆటే అయిన అన్‌చార్టెడ్ 4లో ఆ పేరుతో ట్రోఫీ కూడా ఉంది, వెయ్యి మందిని చంపితే వస్తుంది, నాకు వచ్చింది.

పిక్సెల్_పంతులు:
అవును తమ్ముడూ, లూడోనెరటివ్ డిసొనెన్స్. క్లింట్ హాకింగ్ అనే డిజైనర్ 2007లో బయోషాక్ అనే ఆట గురించి రాస్తూ వాడిన మాట అది, అంటే కథ ఒకటి చెప్తుంటే ఆట ఆడే తీరు దానికి ఎదురు చెప్పడం. అన్‌చార్టెడ్ వాళ్లు ఆ విమర్శ పేరునే ట్రోఫీకి పెట్టుకున్నారు.

నేను లెవెల్ ఆర్ట్ పనిలో ఉన్నాను కాబట్టి తయారుచేసే వైపు నుంచి రెండు సంగతులు చెప్తా, కొంచెం పొడుగవుతుంది.

పాత టూంబ్ రైడర్ మొత్తం గళ్ల మీద కట్టింది. నేల చదరపు గళ్లు, లారా నిలబడి దూకితే ఒక గడి ఖాళీ దాటుతుంది, పరిగెత్తి దూకితే రెండు, పరిగెత్తి దూకి అంచు పట్టుకుంటే మూడు. ఈ లెక్క ఒక్కసారి కూడా తప్పదు. అంటే గదిలోకి అడుగుపెట్టగానే మీ కళ్లు లెక్కలు వేయడం మొదలుపెడతాయి, అది రెండు గళ్లు, ఇది మూడు, అక్కడినుంచి ఇక్కడికి రావచ్చు, మళ్లీ వెనక్కి పోవడం కుదరదు. గదిని చదవడమే ఆట. డెర్బీలో కోర్ డిజైన్ అనే చిన్న టీమ్ అంత తక్కువ పాలిగన్లతో (3డి బొమ్మని కట్టే ముక్కలు) అంత పెద్ద ప్రపంచం కట్టగలిగిందంటే ఈ గళ్ల పుణ్యమే. గదులు కట్టేవాడే పజిలూ కడతాడు, కథ కూడా ఆ గదిలోనే పెడతాడు, ఎందుకంటే కథ పెట్టడానికి ఇంకో చోటు లేదు.

కొత్తవాటిలో కొండ కొండలాగా ఉండాలి, రాయి రాయిలాగా ఉండాలి, అప్పుడు ఏది పట్టుకోవచ్చో ఏది పట్టుకోకూడదో ఆడేవాడికి ఎలా తెలియాలి? అందుకే అంచులకి తెల్లరంగు పూశారు, అదీ చాలదని సర్వైవల్ ఇన్‌స్టింక్ట్ బటన్ పెట్టారు, నొక్కితే దారి మెరుస్తుంది. ఇక గదిని చదవాల్సిన పని పోయింది, మెరిసేదాని వైపు నడిస్తే చాలు. పెళ్లి భోజనంలో వడ్డించేవాడే ముద్ద కలిపి మన నోట్లో పెట్టినట్టు ఉంటుంది, రుచి ఉంది, తిన్న తృప్తి మాత్రం లేదు.

అలాగే ఆ ఇరుకు సందుల్లో పక్కకి తిరిగి దూరడం, పడిపోయిన దూలం కింద పాక్కుంటూ వెళ్లడం ఉంటాయి చూడండి, చాలా ఆటల్లో అవి వెనకాల తర్వాతి ఏరియా లోడ్ అవడానికి సమయం సంపాదించే పద్ధతి. ఆ ఖాళీలో మాటలు పెడతారు, కథ చెప్తారు. తప్పు కాదు అది, కానీ కథకి ఇచ్చిన చోటు ఆడేవాడికి చేతులు కట్టేసిన చోటు అయిపోయింది, అలా ఏళ్లతరబడి అలవాటు చేశాక కథ రాగానే చెయ్యి దానంతటదే ప్యాడ్ పక్కన పెట్టేస్తుంది.

మిద్దెమీద_గేమర్:
> కథ పెట్టడానికి ఇంకో చోటు లేదు

ఈ మాట దగ్గర ఆగిపోయాను పంతులు గారూ. మొదటి ఆటలో ప్యాలెస్ మైడస్ లెవెల్ ఒకసారి తలుచుకోండి. తెగిపోయిన పెద్ద రాతి చెయ్యి నేలమీద పడి ఉంటుంది. మూడు సీసం కడ్డీలు తెచ్చి ఆ చేతి దగ్గర పెడితే బంగారమవుతాయి, వాటితో తలుపు తెరవాలి. మరి మనం ఆ చేతిమీదకి ఎక్కి నిలబడితే? లారా కాళ్ల దగ్గర్నుంచి మెల్లగా బంగారు బొమ్మ అయిపోయి చచ్చిపోతుంది. ఎవరూ హెచ్చరించరు. ముట్టుకున్నదల్లా బంగారమైపోయే మైడస్ రాజు కథ తెలిసినవాడికి ఒళ్లు జలదరిస్తుంది, తెలియనివాడు అప్పుడే నేర్చుకుంటాడు. 1996 నాటి ఆట అది, ఒక్క డైలాగ్ లేదు, దానికన్నా మంచి కథ చెప్పే పద్ధతి ఈ సిరీస్‌లో మళ్లీ నేను చూడలేదు.

సాహితి_ప్లేస్:
మైడస్ చెయ్యి గొప్పగా ఉంది, ఒప్పుకుంటా. కానీ అది ఆ చోటు కథ, లారా కథ కాదు. ఆ చేతిమీద ఎక్కిన మనిషి ఎవరు, ఎందుకు ఇక్కడికొచ్చింది, ఏం పోగొట్టుకుంది అన్నదానికి ఆ ఆటలో జవాబు లేదు. ఒక ఆటకి అది చాలు, రెండిటికి చాలు. ఐదు, ఆరు, పది ఆటలు నడవాల్సిన సిరీస్‌లో హీరోయిన్‌కి లోపల ఏమీ లేకపోతే ఎన్ని సమాధులు తవ్వినా అదే సమాధి కదా. కోర్ డిజైన్ వాళ్లు 1996 నుంచి 2000 దాకా ఏడాదికొకటి చొప్పున ఐదు ఆటలు దింపారు, నాలుగోదానికే విసుగొచ్చి లాస్ట్ రెవెలేషన్ చివర్లో లారాని పిరమిడ్ కింద పడేసి చంపేసినంత పని చేశారు. కథ లేకుండా లాగితే వచ్చే అలసట అదే అంటాను నేను.

నల్లమల_రైడర్:
లాస్ట్ రెవెలేషన్ని గట్ల తీసేయకక్కా. అది నాకు సిరీస్ మొత్తంల ఇష్టమైంది. మొదట్లనే చిన్న లారా, అంగ్‌కోర్ వాట్‌ల వాన్ క్రాయ్ వెంట నడుస్తది, ఆయన చెప్పినట్టు దూకుడు, పట్టుకునుడు నేర్చుకుంటది, అదే మనకు ట్యుటోరియల్. గురువు ఎట్ల నేర్పిండో మన వేళ్లకు తెలుసు. చివరికి అదే మనిషి ఎదురు తిరిగినప్పుడు ఎక్కువ మాటలు అవసరం పడలే. మిగతా ఆటంతా ఈజిప్టే, దేశదేశాలు తిరుగుడు లేదు, అందుకే ఒకటే కథల ఉన్నట్టు అనిపిస్తది.

మూడో భాగంల మన ఇండియా లెవెల్స్ కూడ చెప్పాలె. అడవి, గుడి శిథిలాలు, గంగా నది, కాలియ గుహలు. కోతులొచ్చి మెడికిట్లు ఎత్తుకపోతయ్! గుడిల చానా చేతుల విగ్రహం కత్తులు పట్టుకొని కదులుతది, నా చిన్నప్పుడు మా బాబాయి పక్కన కూసొని ఆడుతుంటే గుడిల దేవుని విగ్రహం మీద కాల్పులేందిరా అని ఆయనకు నచ్చలే, ఆ ఇబ్బంది నాకు ఇప్పటికీ అర్థమైతది. మన దేశాన్ని తెలుసుకొని చేసిన పని కాదది. కానీ ఆ నది పక్క కొండల మీద బండి ఏసుకొని దుంకుడు మాత్రం ఇప్పటికీ మస్తుంటది.

డాలస్_చిన్నోడు:
ఇండియా మాట వచ్చింది కాబట్టి దూరుతున్నా. దీనికి దగ్గరగా ఉండే సిరీస్ ఇంకోటి ఉంది కదా, అన్‌చార్టెడ్ లాస్ట్ లెగసీ, 2017. క్లోయీ, నాడీన్ ఇద్దరూ పశ్చిమ కనుమల్లో గణేశుడి దంతం కోసం వెతుకుతారు, హొయసలుల రాజధానులు, బేలూరు, హళేబీడు. క్లోయీ వాళ్ల నాన్న ఇండియన్, ఈ వెతుకులాటలోనే పోయాడు. పరశురాముడి గొడ్డలి దెబ్బకి వినాయకుడి దంతం విరిగిన కథ ఆమె నాడీన్‌కి చెప్తుంది, ఆ గొడ్డలి తండ్రి ఇచ్చింది కాబట్టి వినాయకుడు ఆ దెబ్బని దంతం మీదే తీసుకున్నాడు అని. మనం ఇంట్లో అమ్మమ్మ దగ్గర విన్న కథ, ఒక పెద్ద ఆటలో, అదీ ఆ అమ్మాయి వాళ్ల నాన్న కథకి ముడిపెట్టి చెప్తుంటే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

దాంట్లో నాకు నచ్చిన ఇంకో సంగతి, నాలుగో చాప్టర్లో జీప్ ఇచ్చి పెద్ద లోయలో వదిలేస్తారు, మూడు కోటలు, ఏ వరసలో కావాలంటే ఆ వరసలో వెళ్లొచ్చు. క్లోయీ కాగితం మ్యాప్ మీద పెన్నుతో గీసుకుంటుంది, స్క్రీన్ మూలన మెరిసే బాణం గుర్తు లేదు. హొయసల నాణేల్లాంటివి పదకొండు దాచారు, అవన్నీ వెతికితే ఒక కంకణం దొరుకుతుంది, అది దగ్గర్లో నిధి ఉంటే తెలియజేస్తుంది. అవి వెతకాలన్న రూలు లేదు. వెతికేటప్పుడు మాత్రం ఆ ఇద్దరూ జీప్‌లో మాట్లాడుకుంటూనే ఉంటారు, మధ్యలో దిగిపోయి మళ్లీ ఎక్కితే ఆగిన మాట అక్కడినుంచే అందుకుంటారు. కథ వినడానికి నేను ఆగాల్సిన పని లేదు.

అసలు హళేబీడు చూసినవాళ్లకి ఆటలో ఆ జలపాతాలు, కొండంత విగ్రహాలు ఏ మాత్రం సంబంధం లేదనిపిస్తుంది, నిజమైన హొయసలేశ్వర గుడి ఎత్తు తక్కువ, అరుగు మీద నక్షత్రం ఆకారంలో కట్టింది, దాని గొప్పంతా దగ్గరికెళ్లి చూసే చెక్కడంలో, కింది వరసలో ఏనుగులు ఒకదాని వెనక ఒకటి గుడి చుట్టూ నడుస్తుంటాయి. ఆ ఏనుగుల వరసలోనే ఒక మంచి పజిల్ ఉంది, ఎవరూ వాడుకోలేదు.

బెజవాడ_బటన్స్:
చిన్నోడు అన్నా, అన్‌చార్టెడ్ 2లో టిబెట్ ఊరు కూడా చెప్పు. టెన్‌జిన్ వాళ్ల ఊరు. తుపాకీ ఉండదు, కొట్టే బటన్ నొక్కితే ఆట హీరో డ్రేక్ ఊళ్లోవాళ్లకి చెయ్యి కలుపుతాడు, జడలబర్రెని నిమురుతాడు. టెన్‌జిన్‌కి ఇంగ్లీష్ రాదు, డ్రేక్‌కి వాళ్ల భాష రాదు, ఇద్దరూ మంచు గుహల్లో ఒకరికొకరు చేతులిచ్చుకుంటూ ఎక్కుతారు. తిరిగొచ్చేసరికి ఊరు తగలబడుతుంటుంది, అప్పుడు కాల్చడం మొదలెడితే నిజంగా కోపంతో కాల్చాను నేను.

డాలస్_చిన్నోడు:
అదే అదే. చెయ్యి కలిపే బటనూ, కొట్టే బటనూ ఒకటే, అక్కడే ఉంది మొత్తం డిజైన్. 2009లో చేశారది.

పిక్సెల్_పంతులు:
మంచి ఉదాహరణ. ఇప్పుడు సాహితి గారి పాయింటుకి వస్తా, సిరీస్ పొడుగైతే పాత్రకి లోపల ఏదో ఉండాలి అన్నది న్యాయమైన మాట. దాన్ని టూంబ్ రైడర్ వాళ్లు చాలాసార్లు ప్రయత్నించారు, ఒక్కోసారి ఒక్కో వైపు ఒరిగింది.

2003 ఏంజెల్ ఆఫ్ డార్క్‌నెస్. ప్యారిస్, ప్రేగ్, హత్య నేరం లారా మీద, డైలాగ్‌లో ఏం జవాబివ్వాలో మనం ఎంచుకోవచ్చు, కర్టిస్ అనే ఇంకో పాత్రతో ఆడొచ్చు. కాగితం మీద చూస్తే ఈ సిరీస్‌లో అంత ఆశ పెట్టుకున్న కథ లేదు. కానీ చేతికొచ్చేసరికి లారా కదలడమే బరువు, ఫలానా తలుపు తొయ్యడానికి బలం చాలదు, వేరే చోట ఏదో పెట్టె లాగితే ఉన్నట్టుండి బలం వస్తుంది, సగం ఐడియాలు పూర్తికాకుండానే విడుదలైంది. తర్వాత ఈ ఆటల్ని ప్రచురించే ఈడోస్ వాళ్లు సిరీస్‌ని కోర్ చేతుల్లోంచి తీసి అమెరికాలో క్రిస్టల్ డైనమిక్స్‌కి ఇచ్చేశారు.

2006 లెజెండ్. అమ్మ ఏమైంది అన్న ప్రశ్న, బాగుంది. కానీ చెవిలో లారా సహాయకులు జిప్, అలిస్టర్ ఇద్దరూ రేడియోలో మాట్లాడుతూనే ఉంటారు. సమాధిలో ఒంటరిగా ఉన్నామన్న భావం ఈ సిరీస్‌కి ప్రాణం, నీటి చుక్క శబ్దం, మన అడుగుల శబ్దం, అంతే ఉండాలి. అక్కడ ఇద్దరు కబుర్లు చెప్తుంటే ఎంత మంచి మాటలైనా చోటు చిన్నదైపోతుంది.

2007 యానివర్సరీ, మొదటి ఆటనే మళ్లీ చేశారు. థోర్ గది తీసి హెఫైస్టస్ పెట్టారు, గ్రీసులో థోర్ ఏంటి అన్నవాళ్లకి జవాబు. అంతకన్నా ముఖ్యం, నాట్లా మనిషి లార్సన్‌ని చంపడాన్ని కథలో బరువైన ఘట్టం చేశారు, మనిషి ప్రాణం తీయడం లారాకి అదే మొదలు అన్నట్టు, ఆ తర్వాత ఆమె చేతులు చూసుకుంటుంది. అక్కడ మనుషులు తక్కువ కాబట్టి ఆ బరువు నిలబడింది. ఆరేళ్ల తర్వాత రీబూట్‌లో అదే ఆలోచన పెట్టి దాని వెనకే గుంపులు గుంపులుగా శత్రువుల్ని దింపారు, నల్లమల తమ్ముడి బాధ అదే.

ఎందుకు దింపారంటే డబ్బు. 2013 ఆట మొదటి నెలలోనే 34 లక్షల కాపీలు పోయినా ప్రచురించిన స్క్వేర్ ఎనిక్స్ వాళ్లు అనుకున్నంత రాలేదన్నారు. అంత పెట్టుబడి పెట్టినప్పుడు ఎవరూ ఒక గదిలో గంటసేపు ఇరుక్కుపోకూడదు, ఇరుక్కుంటే మానేస్తాడు అన్న భయం ఉంటుంది. కాల్పుల్లో ఎవరూ ఇరుక్కోరు, చస్తే మళ్లీ అదే చోటు నుంచి మొదలు. పజిల్‌లో ఇరుక్కుంటారు. అందుకని సమాధులన్నీ పక్కదారిలో ఐచ్ఛికం అయిపోయాయి, పేరేమో టూంబ్ రైడర్, కథ పూర్తి చేయడానికి ఒక్క టూంబ్ కూడా తప్పనిసరి కాదు అన్న స్థితికి వచ్చింది.

సాహితి_ప్లేస్:
పంతులు గారూ, ఐచ్ఛికం అనడంలో న్యాయం ఉంది. ఏడు చిన్న టూంబ్‌లు, ఒక్కోదానికి ఒక్కో పజిల్, పది నిమిషాల్లో అయిపోతాయి. నాకూ ఇంకా కావాలనిపించింది. కానీ రైజ్‌లో దాన్ని సరిచేశారు కదా, అది ఎవరూ చెప్పట్లేదు ఇక్కడ. వరద నీటిలో మునిగిన ఆర్కైవ్స్ ఘట్టం మెయిన్ కథలోనే ఉంది, నీటిమట్టం పెంచుతూ తెప్పల్లాంటివి కదుపుతూ దారి చేసుకోవాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది భాషలు. రైజ్‌లో లారా గోడమీద రాతలు చదువుతూ చదువుతూ గ్రీకు, మంగోలియన్, రష్యన్ మెరుగుపరుచుకుంటుంది, సరిపడా వచ్చాక శిలాస్తంభం మీద ఉన్నది చదవగలుగుతుంది, చదివితే దాచినవి ఎక్కడున్నాయో మ్యాపులో తెలుస్తాయి. ముందే దొరికిన స్తంభం దగ్గరికి వెళ్తే నీకు ఇంకా ఆ భాష అంత రాదు అంటుంది ఆట. వెనక్కి వెళ్లి ఇంకో నాలుగు గోడలు చదివి రావాలి. ఆమె పురావస్తు శాస్త్రవేత్త అని ఏ పాత్రా నాకు చెప్పక్కర్లేదు, నేనే చదివాను. కథ, ఆట ఒకటైన చోటు అది. మా ఊళ్లో పాత గుడి ముందు శాసనం బండ ఉంటుంది, పిల్లలం దానిమీద కూర్చునేవాళ్లం, ఒక్క అక్షరం కూడా మాకు తెలిసేది కాదు, రైజ్ ఆడాక ఊరెళ్లినప్పుడు మొదటిసారి దాన్ని నిలబడి చూశాను.

నల్లమల_రైడర్:
అక్కా ఈ భాషల ముచ్చట మస్తు చెప్పినవ్, దీనికి నేను ఎదురు చెప్ప. కానీ షాడోల ఏమైంది మరి? అక్కడ ఇమ్మర్షన్ మోడ్ పెడితే ఊరోళ్లు వాళ్ల భాషల మాట్లాడతరు, మాయా, కెచువా, వినడానికి ఎంత బాగుంటదో. లారా మాత్రం ఇంగ్లీషులనే అడుగుతది, వాళ్లు వాళ్ల భాషల జవాబిస్తరు, ఇద్దరికీ అర్థమైతది. రైజ్‌ల అంత కష్టపడి నేర్చుకున్న మనిషి ఇక్కడ నోరు తెరిచి ఒక్క ముక్క మాట్లాడదు.

షాడో మొదట్లనే లారా గుడిల ఒక పాత కత్తి తీసినందుకు సునామీ వస్తది, కొజుమెల్ ఊరు మునుగుతది, ఒక పిలగాడు కండ్ల ముంగటనే వరదల పోతడు. ఆమె దోస్తు జోనా ఆమెను నిలదీస్తడు, ప్రతిదీ నీ గురించే కాదు అని. సిరీస్ మొత్తంల అడగాల్సిన ప్రశ్న అదే, నీకు తీసుకునే హక్కెక్కడిది అని. ఇగ ఆట గీ ప్రశ్నకు ఏదన్న జవాబిస్తదేమో అని నేను ఎదురుచూసిన. పైతితి అనే దాగిన ఊరికి పోయినంక కూడ ఇండ్ల ముందు కుండలు, పెట్టెలు వెతుకుడే, ఏరుకుడే, ఏరుకున్నందుకు పాయింట్లే. ఏదన్న ఒక టూంబ్‌ల వస్తువు అక్కడనే వదిలిపెట్టే బటన్ ఇచ్చినా, వదిలితే ఒకటి, తీస్తే ఒకటి అన్నట్టు చేసినా, ఆ కథకు ఆట తోడు నిలిచేది.

మిద్దెమీద_గేమర్:
నల్లమల బ్రో, వస్తువు వదిలేసే బటన్ ఐడియా అదిరింది. నేను షాడో గురించి ఒక మంచి మాట కూడా చెప్పాలి, ఆ ఆటలో కాంబాట్‌కి, అన్వేషణకి, పజిళ్లకి మూడిటికీ వేర్వేరుగా డిఫికల్టీ పెట్టుకోవచ్చు. అన్వేషణ బాగా కఠినంలో పెడితే తెల్లరంగు మాయం. కొండని కళ్లతో చదువుకోవాల్సిందే. కాల్పులు తేలిగ్గా పెట్టుకుని పజిళ్లు కష్టంగా పెట్టుకుంటే ఆట రూపమే మారిపోతుంది, పాత టూంబ్ రైడర్ వాసన కొడుతుంది. కథ కోసం వచ్చే సాహితి గారూ, గదుల కోసం వచ్చే నేనూ ఒకే ఆట కొనుక్కుని ఇద్దరం తృప్తి పడొచ్చు. ప్రతి సిరీస్‌లో ఈ మూడు మీటలు ఉండాలని నా కోరిక.

పిక్సెల్_పంతులు:
మీటలు మంచివే, కానీ ఒక ఇబ్బంది ఉంది. రంగు తీసేస్తే సరిపోదు, రంగు లేకుండా కూడా దారి కనబడేట్టు కొండని ముందే చెక్కి ఉండాలి. షాడోలో కొన్నిచోట్ల అలా చెక్కారు, కొన్నిచోట్ల ఏ రాయికి పట్టు దొరుకుతుందో తెలియక ఊరికే దూకి చావడమే. మొదట్నుంచీ రంగు ఉండదనుకుని కడితే ఒకలా ఉంటుంది, చివర్లో తీసేస్తే ఇంకోలా ఉంటుంది.

సాహితి_ప్లేస్:
మీరంతా ఇంత చెప్పాక 1996 ఆట రీమాస్టర్ ఇన్‌స్టాల్ చేశాను. వెలుగునీడలు బాగున్నాయి, ఒక బటన్ నొక్కితే పాత గ్రాఫిక్స్‌కి మారిపోవడం చాలా బాగుంది. కానీ గుహల్లో మొదటి పెద్ద దూకుడు దగ్గరే అస్తమానం పడిపోతున్నా. మోడర్న్ కంట్రోల్స్ పెట్టుకోనా, ట్యాంక్ కంట్రోల్సేనా (పక్కకి నొక్కితే లారా నిలబడ్డచోటే తిరిగే పాత పద్ధతి)?

మిద్దెమీద_గేమర్:
ట్యాంక్ పెట్టుకోండి సాహితి గారూ, మొదటి గంట విసుగొస్తుంది, ఓర్చుకోండి. పంతులు గారు చెప్పిన గళ్ల లెక్క ట్యాంక్‌తోనే సరిగ్గా పనిచేస్తుంది, మోడర్న్‌లో లారా వంకరగా పరిగెత్తి గురి తప్పుతుంది.

దూకడం ఇలా. నడిచే బటన్ పట్టుకుని అంచు దాకా వెళ్లండి, ఆ బటన్ పట్టుకుని ఉంటే ఆమె పడదు, అంచు దగ్గర ఆగిపోతుంది. బటన్ వదిలేసి వెనక్కి ఒక్కసారి నొక్కండి, ఒక గెంతు వెనక్కి వేస్తుంది. ఇప్పుడు ముందుకి నొక్కి వెంటనే జంప్ పట్టుకోండి, అంచు దగ్గరికి రాగానే దానంతటదే దూకుతుంది, మీరు టైమింగ్ చూసుకోనక్కర్లేదు. దూరం మూడు గళ్లయితే గాల్లో ఉండగానే యాక్షన్ బటన్ పట్టుకుని వదలకండి, అంచు పట్టుకుంటుంది.

నల్లమల_రైడర్:
ప్రతి గదికి ముందు సేవ్ చేసుకో అక్కా. విల్కబాంబ లెవెల్ దాటి లాస్ట్ వ్యాలీల అడుగుపెట్టినంక ఏమైందో ఇక్కడ రాయి.